స్క్రీన్‌షాట్ చూసి టీసీ రాసిచ్చేస్తే సరిపోతుందా?

2020 మే మొదటి వారంలో, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, దిల్లీ బడుల అబ్బాయిలు కొందరు ఇన్‌స్టాగ్రామ్‌లో నడుపుతున్న ‘బాయిస్ లాకర్ రూమ్’ అనే గ్రూపు సంగతి బయటికి వచ్చింది. తమ ఈడు అమ్మాయిల ఫొటోలను వాళ్లకు తెలియకుండా అందులో పెట్టి, వాళ్ల శరీరాల గురించి నీచంగా మాట్లాడుకున్నారు. ఆ సంభాషణల స్క్రీన్‌షాట్లు చూస్తుండగానే దేశమంతా పాకిపోయాయి. దిల్లీ పోలీసుల సైబర్ విభాగం కేసు పెట్టింది. పదిహేనేళ్ల విద్యార్థి ఒకరిని ప్రశ్నించారు. గ్రూపు నిర్వాహకుడైన, 18 ఏళ్లు నిండిన విద్యార్థిని అరెస్టు చేశారు. ఆ గ్రూపు నిజం. అందులో ఆ అమ్మాయిలకు జరిగిన అవమానమూ నిజం.

అయితే అప్పుడు తిరిగిన స్క్రీన్‌షాట్లలో జనాన్ని అన్నిటికన్నా ఎక్కువగా రగిలించినది ఆ గ్రూపులోది కానే కాదు. ఒక అమ్మాయిపై లైంగిక దాడి చేద్దామని ఇద్దరు అబ్బాయిలు మాట్లాడుకుంటున్నట్టు కనిపించిన ఆ సంభాషణ స్నాప్‌చాట్‌లో జరిగింది. కొద్ది రోజుల్లోనే పోలీసులు అసలు సంగతి చెప్పారు. దాడి ఆలోచన బయటపెట్టిన ‘అబ్బాయి’ నిజానికి ఒక అమ్మాయి. అవతలి కుర్రవాడి స్వభావం ఎలాంటిదో తెలుసుకోవడానికి ఆమె అబ్బాయి పేరుతో దొంగ ఖాతా తెరిచి, తన మీదే దాడి చేద్దామని అతనితో అంది. అతను ఒప్పుకోలేదు. ఒకడు ఇలా మాట్లాడుతున్నాడని వెళ్లి ఆ అమ్మాయికే చెప్పాడు కూడా. ఆమెలో దురుద్దేశం కనిపించలేదు కాబట్టి కేసు పెట్టడం లేదని పోలీసులు అన్నారు. దేశమంతా ఇద్దరు దుర్మార్గులను చూసిన ఆ తెర మీద నిజంగా ఉన్నది ఆలోచన లేని పరీక్ష పెట్టిన ఒక ఆడపిల్ల, ఆ పరీక్షలో నిలబడ్డ ఒక మగపిల్లవాడు.

అవే రోజుల్లో గురుగ్రామ్‌లో పదిహేడేళ్ల విద్యార్థి ఒకరు ప్రాణం తీసుకున్నాడు. అంతకు కొంచెం ముందే ఒక అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో అతని మీద లైంగిక వేధింపు ఆరోపణ చేసింది. ఆ ఆరోపణ నిజమా కాదా అని ఎవరూ విచారించలేదు, ఇక విచారించే వీలూ లేకుండా పోయింది. చెప్పుకున్న అమ్మాయికి న్యాయం అందలేదు, జవాబు చెప్పుకోవలసిన అబ్బాయి బతికి లేడు.

ఆన్‌లైన్ వేధింపు గురించి బడుల్లో మాట్లాడేటప్పుడు ఈ వారాన్ని మరిచిపోకూడదు. వేధింపు ఉంది, అది పిల్లల్ని లోలోపల తినేస్తుంది. ఫిర్యాదు చేసిన బిడ్డను నమ్మి, వెంటనే అండగా నిలబడాలి. అయినా నింద పడిన బిడ్డ విషయంలో ఆరోపణ వేరు, రుజువు వేరు. ఈ రెండు మాటలూ ఒకే బడి ఒకే రోజున పాటించగలిగినవే. పాటించని చోట నష్టపోయేది నింద పడిన పిల్లవాడు ఒక్కడే కాదు.

ప్రిన్సిపాల్ గదిలో రెండు గంటలు

మన ఊళ్లలో ప్రైవేటు బడుల తీరు ఎరిగినవారికి ఇది కొత్త కాదు. తొమ్మిదో తరగతి పిల్లవాడి తల్లికి మధ్యాహ్నం ఫోను వస్తుంది: ‘వెంటనే రండి, మీవాడి విషయం మాట్లాడాలి.’ ఆమె చేరేసరికి ప్రిన్సిపాల్ గదిలో ఫిర్యాదు చేసిన అమ్మాయి తల్లిదండ్రులు, క్లాస్ టీచరు, కరస్పాండెంటు ఉంటారు. టీచరు ఫోనులో ఒక స్క్రీన్‌షాట్ ఉంటుంది. పిల్లవాడు గోడ పక్కన తల దించుకుని నిలబడి ఉంటాడు. ‘ఇది నువ్వే పెట్టావా?’ అని నలుగురు పెద్దలు ఒకేసారి అడుగుతారు. వాడు ఏడుస్తాడు. ఏడుపును ఒప్పుకోలుగా లెక్కవేస్తారు. తెల్లకాగితం మీద క్షమాపణ రాయించి సంతకం పెట్టిస్తారు. ఆ తర్వాత తల్లిని పక్కకు పిలిచి, బడి పేరు పోతుంది, పోలీసుల దాకా వెళ్తే మీకే ఇబ్బంది, మీ అంతట మీరే టీసీ అడిగి తీసుకోండి అంటారు. రెండు గంటల్లో ఫైలు మూసేస్తారు.

దీనిని క్రమశిక్షణ అనడం కష్టం. ఆ రెండు గంటల తర్వాత అమ్మాయి పరిస్థితి ఏమిటో చూడాలి. పోస్టు ఎక్కడెక్కడ తిరుగుతున్నదో ఎవరూ కనుక్కోలేదు. దాన్ని ఫార్వర్డ్ చేసిన ఇరవై మంది అదే తరగతిలో ఆమె వెనక బెంచీల్లో కూర్చుని ఉన్నారు. ‘నీ వల్లే వాడు వెళ్లిపోయాడు’ అనే మాట మర్నాడు మొదలవుతుంది. వెళ్లిపోయిన పిల్లవాడి ఫోను వాడి దగ్గరే ఉంది, కానీ వాడి మీద బడికి ఇప్పుడు ఏ అదుపూ లేదు. నిజంగా చేసినవాడే అయితే బయటినుంచి మళ్లీ చేస్తాడు. చేసినవాడు మరొకడైతే, ఆ మరొకడు అమ్మాయి పక్కనే ఉన్నాడు. బడి పరువు కాపాడుకోవడానికి పెట్టిన ఈ పద్ధతి ఇద్దరు పిల్లలనూ గాలికి వదిలేస్తుంది.

పైగా ఇది చట్టానికీ నిలవదు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడినుంచి బహిష్కరించకూడదు. 2019లో, ఫెయిలైన పిల్లలను అదే తరగతిలో ఆపడానికి వీలు కల్పించినప్పుడు కూడా ఈ రక్షణ అలాగే ఉంది. అదే చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అసెంబ్లీలో అందరి ముందు నిలబెట్టి ‘వీడు ఇలాంటివాడు’ అని చెప్పడం ఆ కోవలోకే వస్తుంది. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మైనారిటీ విద్యాసంస్థలు ఈ చట్టం పరిధి బయట ఉన్నాయి, తొమ్మిది, పది తరగతులకూ ఇది నేరుగా వర్తించదు. కానీ ఆరో తరగతి పిల్లవాడికి ‘మీరే టీసీ అడిగినట్టు రాయండి’ అని చెప్పే బడి చట్టాన్ని పక్కదారిన దాటుతున్నదని తల్లిదండ్రులు గుర్తించాలి. కాగితం మీద స్వచ్ఛందమైనది గదిలో బలవంతమే.

సీబీఎస్‌ఈ 2015 మార్చిలో తన బడులకు పంపిన మార్గదర్శకాల్లో వేధింపుల నివారణకు కమిటీ ఉండాలని చెప్పింది. అందులో వైస్ ప్రిన్సిపాల్, సీనియర్ ఉపాధ్యాయులు, కౌన్సెలర్, వైద్యులు, తల్లిదండ్రుల ప్రతినిధి వంటివారు ఉండాలి. మౌఖిక హెచ్చరిక నుంచి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా చర్యలు ఉండాలని, బడినుంచి తీసేయడం అరుదైన సందర్భాలకే పరిమితం కావాలని అందులో ఉంది. ఆ కమిటీ పేరు గోడ మీద రాసి ఉండటం వేరు, ఫిర్యాదు వచ్చిన రోజున అది కూర్చోవడం వేరు.

స్క్రీన్‌షాట్‌లో ఏముంటుంది, ఏముండదు

బడిలో జరిగే విచారణ దాదాపు ఎప్పుడూ ఒక బొమ్మ మీద ఆధారపడుతుంది. కాబట్టి ఆ బొమ్మ ఎంతవరకు సాక్ష్యమో తెలిసి ఉండటం అవసరం.

వాట్సాప్ సంభాషణ స్క్రీన్‌షాట్‌లో పైన కనిపించే పేరు పంపినవాడు పెట్టుకున్నది కాదు. స్క్రీన్‌షాట్ తీసిన ఫోనులో ఆ నంబరును ఏ పేరుతో దాచుకుంటే ఆ పేరే కనిపిస్తుంది. ఎవరి నంబరునైనా ‘రాహుల్ 9బి’ అని సేవ్ చేసి రెండు మెసేజ్‌లు రప్పించుకుంటే, రాహుల్ పంపినట్టే కనిపించే స్క్రీన్‌షాట్ నిమిషంలో తయారవుతుంది. దీనికి ఏ సాంకేతిక నైపుణ్యమూ అక్కర్లేదు, ఏడో తరగతి పిల్లలకు ఈ సంగతి టీచర్లకన్నా బాగా తెలుసు. కాబట్టి పేరు కాదు, నంబరు చూడాలి. స్క్రీన్‌షాట్ కాదు, అది తీసిన ఫోనులో అసలు సంభాషణను ముందూ వెనకా కలిపి చదవాలి.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకో చిక్కు ఉంది. అసలు ఖాతా పేరుకు ఒక చుక్కో, ఒక అక్షరమో అదనంగా చేర్చి, అదే ఫొటో పెట్టి దొంగ ఖాతా తెరవడం పిల్లల్లో మామూలే. ముఖ్యంగా కొట్లాడుకున్న స్నేహితుల మధ్య. ఆ ఖాతా ఎవరిదో ఖాయంగా చెప్పగలిగేది కంపెనీ దగ్గరి లాగిన్ వివరాలే, వాటిని రప్పించే అధికారం పోలీసులకు ఉంది, బడికి లేదు. అందుకే ‘ఖాతా మీద వాడి ఫొటో ఉంది కదా’ అన్న వాదన వినగానే తీర్పు చెప్పకూడదు.

ఇక సంభాషణను ఎక్కడ కత్తిరించారన్నది మరో ప్రశ్న. ‘నువ్వు చచ్చిపోతే బాగుండు’ అన్న ఒక్క వాక్యం ఎంత క్రూరమైనదో వేరే చెప్పక్కర్లేదు. దాని పైన నెల రోజులుగా అవతలివాళ్లు ఐదుగురు కలిసి ఈ పిల్లవాడి రంగు మీద, కులం మీద, తండ్రి పని మీద వెక్కిరింపులు రాసి ఉంటే ఆ క్రూరత్వం మాసిపోదు గానీ, సంఘటన రూపం మారిపోతుంది. వేధింపుకు గురై తిరగబడి తామూ వేధించే పిల్లలు బడుల్లో కొల్లలుగా ఉన్నారు. ఈ రంగంలో పరిశోధకులు వాళ్లను వేరే వర్గంగానే చూస్తారు, ఎందుకంటే రెండు వైపులా దెబ్బ తినేది వాళ్లే. కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఒక్కటే చూసే విచారణకు వీళ్లు ఎప్పటికీ కనబడరు.

న్యాయస్థానాలు ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటాయి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020 జులైలో మరోసారి స్పష్టం చేసింది. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్‌లోనూ ఆ నిబంధన ఉంది. బడి కోర్టు కాదు, అంత కాగితం పని అక్కర్లేదు. కానీ కోర్టు అంతగా అనుమానించే వస్తువును బడి ఒక్క చూపులో నమ్మేయడం ఏ విధంగానూ సబబు కాదు.

గ్రూపులో ఉన్నవాళ్లందరూ ఒకటేనా?

తరగతి గ్రూపులో ఈ మధ్య ఎక్కువగా కనిపించే రకం వేధింపు స్టిక్కర్. తరగతిలో కునికిపాట్లు పడుతున్న పిల్ల ఫొటో ఎవరో తీస్తారు. ముఖం వరకు కత్తిరించి, కింద ఒక ఎగతాళి మాట చేర్చి స్టిక్కర్ చేస్తారు. సాయంత్రానికి అది నలభై ఫోన్లలో సేవ్ అయి ఉంటుంది. తర్వాత ఆ పిల్ల గ్రూపులో ఏం రాసినా జవాబుగా ఆ స్టిక్కర్ వస్తుంది. హోంవర్క్ అడిగినా అదే, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినా అదే. ఆ పిల్ల గ్రూపులో మాట్లాడటం మానేస్తుంది, తర్వాత తరగతిలోనూ మానేస్తుంది.

ఇందులో వేధించినది ఎవరు? ఫొటో తీసినవాడా, స్టిక్కర్ చేసినవాడా, ముప్పైసార్లు పంపినవాడా, ఒక్కసారి పంపి నవ్విన పిల్లా, ఏమీ అనకుండా చూస్తూ ఊరుకున్న అడ్మినా? నార్వేలో బడి వేధింపుల మీద దశాబ్దాలు పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ వేధింపుకు మూడు లక్షణాలు చెప్పాడు: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండటం. బడి ఆవరణలో ఈ కొలత బాగానే పనిచేసింది. ఫోనులో అది తడబడుతుంది. ఒక్కసారి పెట్టిన స్టిక్కర్‌ను నలభై మంది తిప్పితే, ఎవరూ మళ్లీ మళ్లీ చేయకుండానే ఆ పిల్లకు మళ్లీ మళ్లీ జరుగుతుంది. బాధ పడిన బిడ్డ వైపునుంచి చూస్తే అది పూర్తి వేధింపే. నింద పడిన ఒక్క బిడ్డ వైపునుంచి చూస్తే, వాడి వంతు ఒక్క నొక్కు. ఈ తేడాను పట్టించుకోకుండా, దొరికినవాడి మీద మొత్తం బరువు మోపడం బడులు చేసే అతి పెద్ద పొరపాటు. దొరికేది ఎప్పుడూ చురుకైనవాడు కాదు, దాచుకోవడం తెలియనివాడు.

అడ్మిన్ సంగతి చట్టం ఇప్పటికే తేల్చింది. గ్రూపు సభ్యుడు పెట్టిన దానికి అడ్మిన్‌ను నేరస్తుడిగా చూడలేమని బాంబే హైకోర్టు 2021లో వెలువడిన తీర్పులో, కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరి తీర్పులో చెప్పాయి. తరగతి గ్రూపు తెరిచిన పాపానికి పదమూడేళ్ల పిల్లను దోషిని చేయకూడదు. ఆ పిల్ల చేయగలిగింది ఎంతో కొంత ఉంది, స్టిక్కర్ వచ్చినప్పుడు తీసేయవచ్చు, పెద్దలకు చెప్పవచ్చు. అది నేర్పవలసిన సంగతి.

కులం పేరు తీసుకొచ్చిన వెక్కిరింపు, వైకల్యం మీద వేసిన జోకు ఈ లెక్కలోకి వేరుగా రావాలి. అక్కడ ‘సరదాకి అన్నాం’ అనే జవాబును ఏ విచారణా ఒప్పుకోకూడదు. అలాంటి మాట పిల్లవాడి సొంతం కాదు, ఎక్కడో విని తెచ్చుకున్నది. ఆ విన్న చోటు చాలాసార్లు ఇల్లే అవుతుంది.

పోలీసు మాట వచ్చినప్పుడు

ఇలాంటి గొడవల్లో ‘సైబర్ క్రైమ్ కేసు పెడతాం’ అనే బెదిరింపు ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ పేరు చెప్పి భయపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఆ తర్వాతా పోలీసులు దాన్ని వాడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు విస్తుపోయింది. మిగిలిన సెక్షన్లు మాత్రం గట్టివే. మరొకరి పాస్‌వర్డ్ వాడితే 66సి, మరొకరిలా నటించి మోసగిస్తే 66డి, రహస్య శరీర భాగాల ఫొటో తీసినా పంపినా 66ఇ, అశ్లీలమైనది పంచితే 67, అందులో పిల్లలు ఉంటే 67బి. బెదిరింపులు, వెంటపడటం భారతీయ న్యాయ సంహితలో ఉన్నాయి.

అయితే చేసినవాడు 18 ఏళ్లలోపు వాడైతే దారి వేరు. భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరమే కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య, చేసే పని స్వభావం తెలిసేంత ఎదుగుదల లేకపోతే అదీ నేరం కాదు. మిగిలినవారందరికీ 18 నిండేదాకా బాల న్యాయ చట్టం, 2015 వర్తిస్తుంది. ఆ చట్టం మొదటి సూత్రమే పిల్లలకు దురుద్దేశం లేదని భావించి మొదలుపెట్టడం. 2016 ఆదర్శ నియమాల ప్రకారం, ఘోర నేరం అయితేనో, పెద్దవాళ్లతో కలిసి చేశాడన్న ఆరోపణ ఉంటేనో తప్ప పిల్లవాడి మీద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకూడదు. సమాచారాన్ని స్టేషన్ డైరీలో రాసుకుని, పిల్లవాడి ఇంటి పరిస్థితుల నివేదికతో బాల న్యాయ మండలికి పంపాలి. ఆ మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. పిల్లవాడిని లాకప్‌లో పెట్టకూడదు, సంకెళ్లు వేయకూడదు, అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లోపు మండలి ముందుంచాలి.

బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ తల్లిదండ్రుల గ్రూపులన్నీ చదవవలసినది. ఈ చట్టం కింద విచారణలో ఉన్న పిల్లవాడి పేరు, ఫొటో, చిరునామా, బడి పేరు, గుర్తుపట్టేందుకు వీలిచ్చే ఏ వివరమైనా వెల్లడించడం నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బాధిత బాలికకు, సాక్షులైన పిల్లలకూ ఇదే రక్షణ ఉంది. ‘మన పిల్లల్ని కాపాడుకోవాలి, వీడెవడో అందరికీ తెలియాలి’ అంటూ పిల్లవాడి ఫొటోను అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టే పెద్దమనిషి, ఆ క్షణంలో ఆ పిల్లవాడి మీద పడిన నిందకన్నా చిన్న తప్పేమీ చేయడం లేదు.

నగ్న చిత్రాలు, మార్ఫింగ్ బొమ్మలు ఉన్న ఫిర్యాదు అయితే బడి సొంతంగా తేల్చుకునే వీలు లేదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది, సంస్థల అధిపతులకు మరీ ఎక్కువ. ఇక్కడ చాలామంది టీచర్లు తెలియక చేసే పని ఒకటుంది: ‘ఆ ఫొటో నాకు పంపు, సాక్ష్యంగా ఉంచుతా’ అనడం. పిల్లల అశ్లీల చిత్రాలను పంచుకోవడం, దగ్గర పెట్టుకోవడం పెద్దలకైనా ప్రమాదమే. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ విషయంలో చాలా కఠినమైన తీర్పు ఇచ్చింది. ఫొటోను ఎవరికీ పంపించకుండా, ఆ ఫోను ఉన్నదున్నట్టుగా పోలీసులకు అప్పగించాలి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930, పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఇంట్లో ఆ రాత్రి

నింద పడిన పిల్లవాడి తల్లిదండ్రులు మొదట చేసే రెండు పనులూ చెడ్డవే. ఒకటి, చితకబాదడం. రెండు, ఫోను లాక్కుని అన్నీ తుడిచేయడం. తుడిచేస్తే పిల్లవాడు చేయలేదని చూపే ఆధారం కూడా పోతుంది, పైగా దాచారన్న మరో నింద మిగులుతుంది. ఫోను తీసుకుని భద్రంగా పక్కన పెట్టాలి. అందులోని సిమ్ ఎవరి పేరున ఉందో, ఆ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసో, ఆ ఫోను ఎవరెవరి చేతుల్లో తిరుగుతుందో రాసుకోవాలి. మన ఇళ్లలో సిమ్ తండ్రి పేరు మీద, ఫోను తల్లిది, వాడేది ఇద్దరు పిల్లలు. స్నేహితుల మధ్య పాస్‌వర్డ్ పంచుకోవడం నమ్మకానికి గుర్తు అని పిల్లలు అనుకుంటారు. ఈ వివరాలే విచారణలో మొదట అవసరమవుతాయి.

‘మావాడు అలాంటివాడు కాడు’ అనే మాట ప్రేమతో వస్తుంది గానీ, పిల్లవాడి నోరు మూయించేదీ అదే. చేసి ఉంటే ఇక ఎప్పటికీ చెప్పుకోలేడు. ‘ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పు, నేను మధ్యలో అడ్డు రాను’ అన్న తల్లికి చాలాసార్లు సగం నిజం ఆ రాత్రే తెలుస్తుంది. అవతలి కుటుంబానికి నేరుగా ఫోను చేయడం, అమ్మాయిని బతిమాలడం, బెదిరించడం పూర్తిగా కూడని పనులు. క్షమాపణ చెప్పవలసి ఉంటే అది విచారణ అయ్యాక, ఆ బిడ్డ వినడానికి ఒప్పుకుంటే, బడి ఏర్పాటు చేసిన చోట చెప్పాలి.

గురుగ్రామ్ సంఘటన ఇక్కడ గుర్తు రావాలి. నింద పడిన మొదటి రోజుల్లో పిల్లలను ఒంటరిగా వదలకూడదు. తిండి మానేసి, గది తలుపు వేసుకుని, ‘నా జీవితం అయిపోయింది’ అంటే దాన్ని నాటకమని కొట్టిపారేయకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఫిర్యాదు చేసిన బిడ్డకూ ఇదే అవసరం, బహుశా ఇంకా ఎక్కువ.

గడువు పెట్టుకున్న చోట

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో తెలుగు కుటుంబాలు ఎక్కువ. అక్కడ 2010 సెప్టెంబరులో రట్గర్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరు ఆన్‌లైన్ అవమానం తర్వాత మరణించాక వేధింపుల నివారణ చట్టానికి వేగం వచ్చి, 2011 జనవరిలో ఆమోదం పొందింది. దాని ప్రకారం ఫిర్యాదు అందాక బడి నడిచే ఒక్క రోజులో విచారణ మొదలుకావాలి, లిఖిత నివేదిక అందాక బడి నడిచే 10 రోజుల్లో పూర్తికావాలి. ప్రతి బడిలో దీనికోసమే నియమించిన ఒక వ్యక్తి విచారణ చేస్తారు. ఇద్దరు పిల్లల తల్లిదండ్రులకూ ఫలితం తెలియజేస్తారు, ఒప్పుకోనివారు విద్యా బోర్డు ముందు వాదన వినిపించుకోవచ్చు. బడి బయట, ఇంట్లో కూర్చుని పెట్టిన పోస్టు కూడా బడి వాతావరణాన్ని దెబ్బతీస్తే ఈ పరిధిలోకి వస్తుంది.

ఆ చట్టంలో లోపాలు లేవని కాదు. పిల్లల మధ్య మామూలు కీచులాట కూడా ఫైలుగా మారుతుందని అక్కడి టీచర్లే వాపోతుంటారు. అయినా మనవాళ్లు దానినుంచి తీసుకోదగినది ఆ గడువు. గడువు ఉంటే రెండు గంటల్లో తేల్చేయడం కుదరదు, రెండు నెలలు నాన్చడమూ కుదరదు. ఫిర్యాదు చేసిన బిడ్డకు ఏ రోజున జవాబు వస్తుందో తెలుస్తుంది. నింద పడిన బిడ్డకు తన మాట ఎప్పుడు వింటారో తెలుస్తుంది. ఆ పది రోజులు ఇద్దరినీ వేరు వేరు వరుసల్లో కూర్చోబెట్టడం, స్టిక్కర్‌ను అందరి ఫోన్ల నుంచి తీసేయించడం, తరగతి గ్రూపును తాత్కాలికంగా ఆపడం ఏ బడికైనా చేతనయ్యే పనులే. వీటిలో ఏదీ శిక్ష కాదు కాబట్టి తీర్పుదాకా ఆగనక్కర్లేదు.

నేరం రుజువయ్యాక ఏం చేయాలన్నదానికి స్పెయిన్‌లో జరిగినది చూడవచ్చు. అక్కడి అల్మెంద్రలేహో పట్టణంలో 2023లో బడి పిల్లలు కృత్రిమ మేధ సాయంతో తోటి బాలికల నకిలీ నగ్న చిత్రాలు తయారుచేసి వాట్సాప్‌లో పంచారు. బాధితులు ఇరవై మందికి పైనే. 2024 జులైలో బాలల న్యాయస్థానం 15 మంది విద్యార్థులకు ఏడాదిపాటు పర్యవేక్షణ విధించింది. స్త్రీపురుష సమానత్వం మీద, సాంకేతికతను బాధ్యతగా వాడటం మీద తరగతులకు వాళ్లు హాజరుకావాలి. తప్పు తీవ్రమైనదని తేల్చిన అదే కోర్టు, ఆ పిల్లలను బడికీ ఊరికీ దూరం చేయలేదు.

మన బాల న్యాయ మండలికీ దాదాపు ఇవే అధికారాలు ఉన్నాయి. మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, పర్యవేక్షణలో ఉంచవచ్చు. బాల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆ తీర్పు పిల్లవాడి భవిష్యత్తుకు అనర్హతగా మారకూడదు, గడువు తీరాక రికార్డులనూ నాశనం చేయాలి. ఘోర నేరాల్లో 16 దాటినవారికి మాత్రం కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మండలి చెరిపేసే రికార్డును బడి తన రిజిస్టర్‌లో అట్టిపెట్టుకుని, టీసీలో ‘ప్రవర్తన’ గడిలో ఒక మాట రాసి, తర్వాతి బడికి ఫోను చేసి మరీ చెప్పడం మన దగ్గర జరుగుతున్నదే. విద్యాశాఖలు ఆ గడిలో ఏం రాయవచ్చో, ఏం రాయకూడదో స్పష్టంగా చెబుతూ ఒక ఉత్తర్వు ఇస్తే, పదో తరగతి ముందు బడి మారవలసి వచ్చిన పిల్లలకు అది వెంటనే అక్కరకు వస్తుంది.